హవాలా అంటే దొంగడబ్బు ఒక్కటేనా?

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్‌గారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏం చెప్పినా వెంటనే "హవాలా?" అనేవారు. ఎవరు రాశారు, ఎక్కడ చదివావు, ఏ పేజీ అని. తర్వాత నేను తెలుగు పేపర్లో చేరేసరికి ఆ మాట దొంగడబ్బుకి పేరైపోయింది. ఆ మాటకి పట్టిన గతే మన కౌమ్‌కీ పట్టింది. హవాలా కేసులకి మన పేరు చెప్తారు, ఇల్జామ్‌కి జవాబిచ్చే హవాలా మాత్రం మన చేతిలో ఉండదు.

మొన్న ఒక దావత్‌లో ఓ కుర్రాడు ఫోన్ చూపించాడు. "జైళ్ళ నిండా వీళ్ళే, నేరం వీళ్ళ రక్తంలోనే ఉంది" అని మెసేజ్. వాళ్ళ మామూ "సబ్ ఝూట్!" అని కేకలేశారు. కుర్రాడు మెల్లగా అడిగాడు: "ఝూట్ అని ఎలా చూపించాలి మామూ?" దస్తర్‌ఖాన్ అంతా ఖామోష్.

చూపించొచ్చు. కేంద్రప్రభుత్వ నేర రికార్డుల బ్యూరో ఏటా జైళ్ళ లెక్కలు వేస్తుంది. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి మీద ఇంకా జుర్మ్ రుజువు కాలేదు. జనాభాలో మన వాటా 2011 లెక్కల్లో 14.2 శాతం, జైళ్ళలో అంతకన్నా ఎక్కువ. దీన్ని దాచొద్దు. ఎందుకు ఎక్కువ అన్నదే అసలు సవాల్. పోలీసు లెక్కలు నేరాన్ని కాదు, పోలీసులు ఎవరిని పట్టుకున్నారన్నదాన్ని చూపిస్తాయని కిట్సూస్, సికోరెల్ అనే ఇద్దరు అమెరికా పండితులు 1963లోనే వాదించారు. ఆ బహస్ నేటికీ నడుస్తోంది.

అలాంటి తహకీక్ అంతా వెతుక్కోడానికి అమెరికా న్యాయశాఖ 1972లోనే నేషనల్ క్రిమినల్ జస్టిస్ రిఫరెన్స్ సర్వీస్ పెట్టింది. అందులో రెండు లక్షలకు పైగా పుస్తకాలు, నివేదికలు, వ్యాసాల వివరాలున్నాయి. ఒక్కోదానికి ఒక నంబరు, రాసినవారి పేరు, సంవత్సరం, చిన్న ఖులాసా. పైసా ఖర్చు లేదు, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అక్కడి ఫలితాలు ఇక్కడికి అలాగే అతకవు, నిజమే. ఖులాసా చదివి పుస్తకం చదివాననుకోవడం కూడా తప్పే. కానీ మాటకి హవాలా అడిగే ఆదత్ అక్కడ నేర్చుకోవచ్చు.

మరి మన దగ్గర? 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. తర్వాత మన నౌజవాన్లని పట్టుకెళ్ళారు. కోర్టుల్లో బేకసూర్ అని తేలినవాళ్ళున్నారు. 2012లో ప్రభుత్వమే 70 మందికి పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు అది చెల్లదంది. ఈ కథంతా తెలుగులోనో ఉర్దూలోనో ఒక్కచోట చదవాలంటే నాకు దొరకలేదు. తీర్పు ఒకచోట, నివేదిక మరోచోట, పేపర్ కటింగులు ఏ అటక మీదో. రేపు ఎవడైనా "అసలు అలాంటిది జరగలేదు" అంటే ఏం చూపిస్తాం?

నా తప్పూ ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో పోలీసుల ప్రెస్‌నోట్‌ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి, "అనుమానితుడు" అన్న మాట హెడ్డింగులో పట్టలేదని తీసేశాను. ఆ రాత్రి నన్ను హవాలా అడిగినవారు లేరు.

సర్కారుని అడగాల్సింది ఉంది: ప్రజల సొమ్ముతో జరిగిన నేరశాస్త్ర పరిశోధనలన్నీ ఒక్కచోట, మన భాషల్లో ఖులాసాతో, ఉచితంగా పెట్టండి. అప్పటిదాకా మనం కూర్చోనక్కర్లేదు. డాక్టరీ, ఇంజనీరింగ్ తప్ప వేరే చదువుని చదువుగా చూడని అమ్మీఅబ్బాలూ, ఒక్క బిడ్డనైనా క్రిమినాలజీకి, లా కాలేజీకి పంపండి. మీ దగ్గరున్న తీర్పు కాపీలు, జమానత్ కాగితాలు పారెయ్యకండి, తారీఖు వేసి దాచండి. మనవైపు వాదించే మెసేజ్ వచ్చినా సరే, పంపేముందు ఒక్క మాట అడగండి.

"హవాలా?"