పేరు లేని జబ్బు, మన స్టోర్ రూము

పోయిన నెల ఈ గోడపత్రికలో పాముల మీద రాసినవాళ్లకు మంచి పేరొచ్చింది. నేను ఎలుకల మీద రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి గాని చివరిదాకా చదవండి. వార్డెన్ సారు కూడా చదవాలని మనవి.

ఎలుక అంటే మనకు బియ్యం తినేది, ట్రంకుపెట్టెలో దాచుకున్న అటుకులు తినేది, సబ్బు కొరికేది. అంతవరకే. కాని ఎలుకల్లో ఉండే కొన్ని వైరస్‌లు మనిషిని చంపగలవు. అందులో ఒక జాతి పేరు హంటా. కొరియాలో హంటాన్ అనే నది పేరు మీద వచ్చింది ఆ పేరు. 1951 నుంచి 1953 దాకా అక్కడి యుద్ధంలో మూడు వేలమందికి పైగా సైనికులకు జ్వరమొచ్చి, మూత్రపిండాలు చెడి, ఒంట్లో నెత్తురు కారింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. 1976లో హో వాంగ్ లీ అనే కొరియా శాస్త్రవేత్త పొలం ఎలుక ఊపిరితిత్తుల్లో దాని ఆచూకీ పట్టాడు.

ఎలుకకు దానివల్ల ఏమీ కాదు. దాని ఉచ్చలో, పెంటికల్లో, ఉమ్ములో వైరస్ బయటికొస్తుంది. అవి ఎండి దుమ్ములో కలిస్తే, ఆ దుమ్ము పీల్చినవాళ్లకు అంటుతుంది. ఎలుక కరవక్కర్లేదు.

"అది కొరియా జబ్బు, మన భద్రాచలం అడవికి ఎందుకొస్తదిరా" అని మా గదిలో ఒకడన్నాడు. ఎలుకకు బస్సు టికెట్ అక్కర్లేదు గదా! గోధుమరంగు పెద్ద ఎలుక ఓడలెక్కి లోకమంతా తిరిగింది. తనతోపాటు సియోల్ అనే హంటా వైరస్‌ను రేవు పట్టణాలకు మోసుకుపోయింది. 2017లో అమెరికాలో ముచ్చటకు పెంచుకునే ఎలుకల నుంచి కూడా అది మనుషులకు అంటింది. (ఎలుకలను పెంచుకోవడం ఏందో, డబ్బున్నోళ్ల సరదా.)

అంతదూరం ఎందుకు. 1964లో తమిళనాడులోని వేలూరులో, తొట్టపాళయం అనే చోట పట్టిన చుంచులో ఒక వైరస్ దొరికింది. అది హంటా జాతిదేనని చాలా ఏళ్లకు గాని తేలలేదు. చుంచు అసలు ఎలుకే కాదు, పురుగులు తినే వేరే జంతువు. తర్వాత గబ్బిలాల్లో కూడా ఈ జాతివి కనపడ్డాయి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు పరీక్షలు చేస్తే, గోదాముల్లో మూటలు మోసే కూలీల రక్తంలో, ఎలుకలు పట్టి బతికే ఇరుల గిరిజనుల రక్తంలో హంటా సోకిన గుర్తులు కనిపించాయి. ధాన్యం దగ్గర, పుట్టల దగ్గర పనిచేసేవాళ్లు ఎవరో చూడండి. మనవంటివాళ్లే.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం నవాజోల కథ. వాళ్లు అమెరికాలో ఆదివాసులు. 1993లో వాళ్ల ప్రాంతంలో బలంగా ఉన్న యువకులు రెండు మూడు రోజుల్లో ఊపిరాడక చనిపోయారు. పత్రికలవాళ్లు వెంటనే "నవాజో ఫ్లూ" అని పేరు పెట్టేశారు. లాస్ ఏంజెలెస్‌లో ఒక ప్రైవేటు బడికి, తమ కలం స్నేహితులను చూడడానికి పోవాల్సిన నవాజో పిల్లలను రావద్దన్నారు. ఆ పిల్లలు ఏం చేశారని? డాక్టర్లు పోయి పెద్దలను అడిగితే వాళ్లు చెప్పారు: వానలు బాగా కురిసిన ఏడు అడవిలో పినాన్ గింజలు విరగకాస్తాయి, ఎలుకలు పెరుగుతాయి, ఇలాంటి చావులు మునుపూ వచ్చాయి, ఎలుకను ఇంట్లోకి రానీయకూడదు అని. తర్వాత పరీక్షల్లో తేలింది కూడా అడవి ఎలుకే. వైరస్‌కు అక్కడి చోటు పేరు పెట్టబోతే జనం ఒప్పుకోలేదు. చివరికి స్పానిష్‌లో "సిన్ నోంబ్రే" అన్నారు, అంటే పేరు లేనిది.

మనకు వెదురు పూస్తే ఎలుకలు పెరుగుతాయని పెద్దలంటారు. మిజోరంలో 1959లో, మళ్లీ 2007లో అదే జరిగి పంటలు పోయాయి. పెద్దల మాటను మూఢనమ్మకమని కొట్టేసే ముందు ఒకసారి వినాలని నా అభిప్రాయం. అలాగని అన్నీ నమ్మమనను. గుడ్లగూబను చెడు శకునమని రాళ్లేసి తరుముతాం, రాత్రంతా ఎలుకలను తినేది అదేనాయె!

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. వరదకు మనుషులు మెరకకు పోతారు, ఎలుకలూ అక్కడికే పోతాయి. అడవి కొట్టేస్తే అడవి ఎలుక పొలానికి, పొలం ఎలుక ఇంటికి. తర్వాత జ్వరమొస్తే "అడవోళ్ల జబ్బు" అంటారు. సంతలో ఆ మాట మనం వినలేదా? జబ్బు పేరుతో మనిషిని దూరం పెట్టే పని మనం కూడా చేయొద్దు. దగ్గేవాడి కంచం విసిరేసే అన్నలు మన హాస్టల్‌లోనూ ఉన్నారు.

ఇక మన స్టోర్ రూము. బియ్యం బస్తాలు నేల మీదనే ఉన్నాయి. శనివారం శనివారం తలుపు తీసి పొడి చీపురుతో ఊడుస్తారు, దుమ్ము కళ్లలో పడుతుంది. ఒకరోజు కామాటి అన్న, ఒకరోజు మన వంతు. "ఇవన్నీ చెప్తే చిన్నపిల్లలు భయపడి ఇంటికి పోతారు" అని ఒక సారన్నారు. తెలియకపోతేనే ఎక్కువ భయం సారూ. నేను అడిగేది పెద్దది కాదు. ముందు తలుపులు, కిటికీలు తీసి అరగంట బయట ఉండాలి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పెంటికల మీద చల్లి అయిదు నిమిషాలు ఆగాలి. తడిగుడ్డతో తీసి పాతిపెట్టాలి, చేతులు సబ్బుతో కడగాలి. బస్తాల కింద చెక్కలు వేయాలి, గోడలో కన్నాలు సిమెంటుతో పూడ్చాలి. మూడు నాలుగు తరగతుల తమ్ముళ్లను ఆ గది ఊడ్వడానికి పంపొద్దు. వచ్చే శనివారం వంతు మా గదిది. బ్లీచింగ్ పౌడర్ ముందురోజే ఇప్పిస్తే మేమే మొదలుపెడతాం.