ప్రతిజ్ఞ చేయిస్తే పౌరులవుతారా?

ఏటా జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు, పాఠశాలల్లో విద్యార్థులచేత ప్రతిజ్ఞ చేయిస్తారు, ర్యాలీ తీయిస్తారు. 2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా, అమరావతిలో విద్యార్థులతో నమూనా శాసనసభ సైతం నిర్వహించారు. సంతోషమే. కానీ బడి గేటు దాటిన మన బిడ్డలకు ఎదురవుతున్న ప్రజాస్వామ్యం ఏది?

2021 మార్చిలో పుంగనూరు పురపాలక సంఘంలో 31 వార్డులకు 31 ఏకగ్రీవమయ్యాయి. ఆ పట్టణంలో ఎవరికీ ఓటు వేసే అవసరమే రాలేదు. అదే ఏడాది ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉపఎన్నికలో దొంగ ఓట్ల ఆరోపణలు వెల్లువెత్తాయి. ఓటరు గుర్తింపు కార్డుల అక్రమ డౌన్‌లోడ్ వ్యవహారంలో 2024 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశంపై ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. 2025 ఫిబ్రవరిలో తిరుపతి ఉపమేయర్ ఎన్నికకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ సెనేట్ హాలు వేదికైంది. ఓటు వేయవలసిన కార్పొరేటర్ల బస్సుపై దాడి జరిగింది. ఎన్నిక మరునాటికి వాయిదా పడింది. విద్యాలయ ప్రాంగణంలోనే విద్యార్థులకు లభించిన పాఠమిది! ఈ నాలుగేళ్లలో అధికార పక్షం మారింది, పాఠం మారలేదు.

ఏకగ్రీవమైన పంచాయతీలకు 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల నజరానా ప్రకటించిన ప్రభుత్వాన్ని 2021లోనే చూశాం. పోటీ లేకపోవడమే సుగుణమని సర్కారు చెబితే, పోటీ చేయడం పౌరుని హక్కని ఉపాధ్యాయుడు ఏ ముఖంతో బోధిస్తాడు?

"బడిలోకి రాజకీయాలు తేవద్దు" అనేవారున్నారు. పార్టీ జెండా వద్దు, నిజమే. ఓటరు జాబితా పార్టీ జెండా కాదు. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఆ జాబితాకు అనర్హులుగా చేయరాదని రాజ్యాంగం 325వ అధికరణం శాసిస్తోంది. ఈ వాక్యం మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

కొత్త పేరుకు ఫారం 6, తొలగింపునకు ఫారం 7, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8. పదిహేడేళ్లు నిండితే ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకరి పేరు తొలగించాలంటే సాధారణంగా ముందు వారి వాదన వినాలి. షేక్, సయ్యద్ వంటి ఇంటిపేర్లు ఒక్కో కార్డులో ఒక్కో తీరుగా నమోదయ్యే మన ఇళ్లలో, పెళ్లయి మరో ఊరికి వెళ్లిన ఆడబిడ్డల పేర్లు పుట్టింటి జాబితాలోనే నిలిచిపోయే మన మొహల్లాల్లో, ఇది పరీక్ష కోసం చదివే పాఠం కాదు. ఉనికిని కాపాడుకునే విద్య.

అందుకే మన డిమాండ్లు స్పష్టం. ఉర్దూ మాధ్యమం సహా ప్రతి ఉన్నత పాఠశాలలో విద్యార్థులచేత తమ వీధి ఓటరు జాబితాను చదివించాలి, తప్పులు గుర్తింపజేయాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం స్త్రీలు కావాలి. ఆ ఎన్నికను నాయకుడి కనుసన్నల్లో చేతులెత్తించి ముగించక, రహస్య బ్యాలెట్‌తో జరపాలి. లెక్కింపు పిల్లలు చూడాలి.

ప్రభుత్వాన్ని నిలదీసే మనం మన ఇంటినీ చక్కదిద్దుకోవాలి. మస్జిదు కమిటీలను నలుగురు పెద్దలు కూర్చుని తేల్చేస్తుంటే, తల్లి ఓటును తండ్రే నిర్ణయిస్తుంటే, బిడ్డ నేర్చుకునేదీ అదే. ఓటు మనకు అప్పగించబడిన అమానత్. దాన్ని ఎవరి చేతుల్లోనూ పెట్టరాదని పిల్లలకు చెప్పేముందు, మనం ఆచరించి చూపాలి.