పులికి కారిడార్ సరే, మాకు దారేది?



నవంబర్ అంటే బయటోళ్లకు చలికాలం. మాకు పత్తి ఏరే కాలం, భయం కాలం. 2020 నవంబర్‌లో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో పులి దాడికి మన పిల్లలిద్దరు బలయ్యారు. 2022 నవంబర్‌లో వాంకిడి మండలంలో ఒకరు, 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక చెల్లె. అన్నీ నవంబర్‌లే. ఇది రాత అనుకోవాల్నా?

కాదు. మహారాష్ట్రలోని తాడోబాలో పులులు పెరిగాయి, జాగా చాలట్లేదు. తల్లిని విడిచిన వయసు పులులు కొత్త జాగా వెతుక్కుంటూ ప్రాణహిత దాటి మన దిక్కు వస్తున్నాయి. అదే సమయానికి పత్తి చేను నడుము దాటి పెరిగి ఉంటది. పులి అందులో దాగితే కనబడదు. వంగి పత్తి ఏరే మనిషి వెనక నుంచి చూస్తే దానికి మనిషిలా కాదు, నాలుగు కాళ్ల జంతువులా అనిపిస్తాడు. ఇది ప్రతి ఏడాదీ తెలిసిన సంగతే. మరి ప్రతి ఏడాదీ శవం లేచాకే ఎందుకు కదులుతారు?

అప్పుడొచ్చి తల వెనక మాస్కు కట్టుకోండి, పొద్దెక్కినాక గుంపుగా పోండి, పెందలాడే ఇంటికి రండి అంటారు. మంచి మాటే, మేం కాదనం. కానీ కూలి పొద్దుగూకే దాకా చేస్తేనే వస్తది. సగం రోజు పనికి సగం కూలే ఇస్తే మిగతా సగం ఎవరిస్తారు? ఆ లెక్క ఏ మీటింగులోనూ రాదు.

ఇక గొడ్లు పోతే? ఆవును పులి కొట్టిందంటే కళేబరం కదపొద్దు, పశువుల డాక్టర్ రావాలి, ఫోటో కావాలి, కాగితం కావాలి. పోడు చేను పక్కన పోతే మొదటి ప్రశ్న, "నీ ఆవు అడవిలోకి ఎందుకు పోయింది?" అని. ఆవు అడవిలోకి పోలే సారూ, మా ఊరే అడవిలో ఉంది.

2025 మే నెలాఖరులో జీవో 49 తెచ్చి దాదాపు లక్షన్నర హెక్టార్లను కొమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వ్ అన్నారు. ఎవరి పేరు పెట్టారో చూడండి! జల్, జంగల్, జమీన్ కోసం ప్రాణమిచ్చిన భీం పేరు పెట్టి, భీం మనుషులనే అడగలే. వన్యప్రాణి చట్టం 36ఏ సెక్షన్‌లోనే స్థానికులతో సంప్రదించాలని ఉంది. మనోళ్లు రోడ్డెక్కితే జూలైలో జీవోను నిలుపుదల చేశారు. నిలుపుదల అంటే రద్దు కాదు, గుర్తుంచుకోండి.

ఇప్పుడు మనోళ్లతోనే ఒక మాట. కోపం రావొచ్చు. "విషం పెట్టి చంపేద్దాం" అని మన గ్రూపుల్లోనే రాస్తున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోతే విషం పెట్టిన కళేబరం మాటే బయటికొచ్చింది. దానివల్ల ఏమైతది? కేసు మన పిల్లల మీద, ఆదివాసీలే అడవికి శత్రువులని పేపర్ల నిండా. మనల్ని ఖాళీ చేయించాలనుకునేటోళ్లకు అంతకంటే ఏం కావాలి? గోండు జాగాల్లో పులిని బాగ్ దేవ్ అని మొక్కిన జాతి మనది. పులి కాగితం రాయలే, జీవో తేలే. మన కొట్లాట పులితో కాదు.

పాత వీడియోలు తెచ్చి "మా ఊర్లో పులి" అని ఫార్వర్డ్ చేయడం కూడా ఆపాలె. రేపు నిజంగా వచ్చినప్పుడు ఎవడూ నమ్మడు.

మేం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. పులి జాడ దొరికిన రోజే గోండి, కొలామీల్లో ఊరూరా చాటింపు వేయాలి. ట్రాకర్లుగా మన పిల్లలనే తీసుకోవాలి. పని బంద్ చేయించిన రోజులకు కూలి కట్టియ్యాలి. పట్టా ఉన్నా లేకున్నా గొడ్ల పరిహారం నెలలోపు చేతికి రావాలి. కారిడార్ మాట ఎత్తే ముందు అటవీ హక్కుల దరఖాస్తులు తేల్చాలి, గ్రామసభలో మాట్లాడాలి.

ఈ వారం మీ ఊరి గ్రామసభలో ఈ ఐదు మాటలు తీర్మానంగా రాయించండి. ముద్ర వేయించి, ఒక కాపీ ఇంట్లో దాచండి. పత్తి పగలకముందే చేయాలి, శవం లేచాక కాదు.

జై ఆదివాసీ! జై కొమురం భీం!