అమ్మ అడిగిన మొదటి ప్రశ్న

మొన్న సెలవులకి డాలస్ నుంచి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ఫోన్లో ఒక ఉచిత చాట్‌బాట్ పెట్టిచ్చాను. టైపింగ్ రాకపోయినా ఫరవాలేదు, మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే చాలు.

అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "హెచ్‌బీఏ1సీ అంటే ఏంటి?"

గత 2, 3 నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంతుందో చెప్పే పరీక్ష అని జవాబొచ్చింది. నాలుగేళ్ళుగా ఆ రిపోర్టులు నాకు వాట్సాప్‌లో పంపుతోంది. "బానే ఉందమ్మా" అని ఫోన్ పెట్టేసేవాణ్ణి. తనకి అర్థం కాలేదని ఏనాడూ అనలేదు.

అందుకే కొత్తవాళ్ళకి నేను చెప్పేదొకటే. దానిచేత కవితలు రాయించడం తర్వాత. ఎవరినైనా అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్నతో మొదలుపెట్టండి. బ్యాంకు నుంచొచ్చిన ఇంగ్లీషు ఉత్తరంలో ఏముందో తెలుగులో చెప్పమనండి. ఖాతా నంబర్లు, ఓటీపీలు మాత్రం ఇవ్వకండి. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టర్నే అడగండి.

ఎందుకంటే అది తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది. ఏకాదశి ఎప్పుడంటే తప్పు తేదీ చెప్పింది. అమ్మ గోడమీది క్యాలెండర్ చూసి నవ్వింది. "ఇదీ మీ నాన్నలాగే రా, తెలీదని ఒప్పుకోదు."

రిపోర్టులు ఇప్పటికీ నాకే పంపుతోంది. ఈమధ్య మొత్తం చదివాకే ఫోన్ చేస్తున్నాను.