ఉడుమును చంపుతున్నది కొనేవాడే

నడుం నొప్పికి ఉడుం మాంసమట, కీళ్లవాతానికి దాని కొవ్వట, సత్తువకు దాని నెత్తురట! ఇంకా ఎన్నాళ్లు నమ్ముతాం ఈ అబద్ధాలను? వీటిలో ఒక్కదానికీ వైద్యశాస్త్రంలో రుజువు లేదు. అయినా పుట్టలో దాక్కున్న మూగజీవిని తవ్వి తీసి, కాళ్లు కట్టి, సంచిలో వేసి అమ్ముతూనే ఉన్నారు. మనవాళ్లు కొంటూనే ఉన్నారు.

అసలు అది మనకు చేసిన ద్రోహం ఏమిటి? పురుగులు, నత్తలు, పీతలు, ఎలుకలు, చచ్చిన జంతువుల కళేబరాలు దాని తిండి. చీలిన నాలుకను ఆడిస్తూ వాసన పట్టి, పొలం గట్ల వెంట తన పాటికి తాను తిరుగుతుంది. మనిషి అలికిడి వింటే తొర్రలోకి పారిపోతుంది. దారి మూసుకుపోతేనే తోకతో కొడుతుంది, కరుస్తుంది. బల్లిలా తోక వదిలేసి బతికిపోయే వీలైనా దానికి లేదు. ఆడ ఉడుము పుట్టమట్టిలో సుమారు 20 గుడ్లు పెడితే అవి పిల్లలయ్యేసరికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

చదువుకున్నవాళ్ల మూఢత్వం ఇంకా ఘోరం. ‘హత్తాజోడి’ అనే వేరు ఇంట్లో ఉంటే సిరి నిలుస్తుందని వేలు పోసి కొని, సిందూరం అద్ది, భరిణెలో పెట్టి మొక్కుతున్నారు. అది వేరు కాదు. మగ ఉడుము జననాంగాన్ని కోసి ఎండబెట్టిన ముక్క. ఆన్‌లైన్‌లో సైతం సాగుతున్న ఈ దగాను 2017లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ కలిసి బయటపెట్టారు. ఒక ప్రాణిని ముక్కలు కోసి తెచ్చుకున్న సిరి మనకెందుకు?

సంగీత కచేరీల్లో వాయించే కంజీరకు కూడా తరతరాలుగా ఉడుం చర్మమే బిగించారు. ఇప్పుడు మేకచర్మం ఉంది, కృత్రిమ పొరలూ ఉన్నాయి. వాటితోనూ కచేరీ సాగుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఉడుమూ ఉంది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. వల పన్నిన పేదవాడి మీద మాత్రమే కోపం చూపిస్తే సరిపోదు. అతని చేత వల పన్నించింది కొనేవాడి డబ్బు. ఉడుం నుంచి తీసిన సరుకు ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే.

కొనకండి. ఎక్కడైనా అమ్ముతుంటే అటవీ శాఖకు చెప్పండి. మీ పూజగదిలో హత్తాజోడి ఉంటే ఇవాళే తీసుకెళ్లి అటవీ అధికారులకు అప్పగించండి.