గర్భసంచి తీసేయడమే వైద్యమా?

నాలుగు కాన్పులైన పల్లె స్త్రీ గర్భసంచి జారినా సిగ్గుపడి చెప్పుకోదు. గుడ్డ బిగించుకుని నాట్లకు వంగుతుంది. ఓర్వలేక ఆస్పత్రికి వెళితే తరచు వినిపించే మాట, తీసేద్దామని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ తొలగింపులలో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. తీసేసినా, పట్టు సడలిన చోట మూత్రపు సంచి దిగవచ్చు.

పొట్టకు నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ, జారినదాన్ని సన్నని వలపట్టీతో వెన్నెముక అడుగున త్రికాస్థికి కట్టే ఆపరేషన్ ఉంది. లోపల కుట్టు వేయడమంటే మాటలు కాదు. ముందు బొమ్మల మీద, ఆపై ఆరితేరిన సర్జన్ పక్కన చేయి తిరగాలి. జిల్లా ఆస్పత్రి డాక్టర్లను ఆ శిక్షణకు పంపడానికి ప్రభుత్వం పూనుకోవాలి. అందరికీ ఆపరేషనూ అక్కర్లేదు. సిలికాన్ రింగు అమర్చడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి.