మిద్దె మీద సున్నం



వేసవిలో గృహ దర్శనానికి వెళ్ళినప్పుడు కంచన్‌బాగ్‌లో ఒక సంగతి గమనించాను. కింది వాటాలో కూర్చుంటే ఫరవాలేదు, పై వాటాకు ఎక్కితే పొయ్యి పక్కన కూర్చున్నట్టే. అలాంటి పై వాటాలో అద్దెకుంటున్న ఒక పెద్దమ్మగారు, "అయ్యగారూ, రాత్రి పన్నెండయినా గది చల్లబడదు. కూలరు ఆపితే నిద్ర లేదు, నడిపితే బిల్లు" అన్నారు. గృహజ్యోతి కింద 2024 మార్చి నుండి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ గీత దాటితే మాత్రం దాటిన నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికి కట్టాలి. ఏప్రిల్‌లో ఆమెకు జరిగింది అదే.

తప్పు కూలరుది కాదు, స్లాబుది. అది పగలంతా ఎండ తాగి రాత్రి మెల్లగా గదిలోకి వదులుతుంది. పూర్వం మిద్దె మీద సున్నపు కాంక్రీటు దట్టంగా వేసేవారు. కొన్నిచోట్ల మట్టికుండలు బోర్లించి పైన సున్నం పరిచేవారు. కుండలోని గాలి వేడిని కిందికి దిగనివ్వదు. సిమెంటు వచ్చాక ఆ తెలివి మరచిపోయాం. (మన పేటలోని రక్షణ ప్రయోగశాలలో రూపొంది 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణి తలకు వేడి తగలకుండా కవచం ఉంది. ఇక్కడి ఇళ్ళ నెత్తికే ఏమీ లేదు!)

2017లో మన నగరంలోనే దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ మీద తెల్లని పొర పరచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి, రాత్రి కూలరు ఆపగలమా లేదా అన్నది అక్కడే తేలుతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చి, 600 చదరపు గజాలు దాటిన ఇళ్ళకు తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్ళకు అది మన ఇష్టం. అసలు అవసరం చిన్న ఇళ్ళకేనని నాకనిపిస్తుంది.

పని కష్టం కాదు. ఎండలు ముదరకముందే మిద్దె ఊడ్చి, నాచు గీకి, పగుళ్ళు పూడ్చి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. కళ్ళలో పడకుండా చూసుకోండి. వానలకు పోతుంది గనుక ఏటా వేయాలి. తెల్ల పెయింటుకు ఖర్చెక్కువ, కొన్నేళ్ళుంటుంది. ఏదైనా దుమ్ము పట్టితే పనిచేయదు, కడగాలి. పాత సిమెంటు రేకులను మాత్రం గీకవద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. వాటి మీద నేరుగా కాలు కూడా మోపవద్దు, విరుగుతాయి. ఏసీ ఉన్నవారు స్లాబు పైన థర్మోకోల్ పలకలు పరచి, వాటి మీద పెంకులు వేయించుకోవచ్చు.

చిక్కల్లా యజమానితోనే. సున్నం ఖర్చు ఆయనది, బిల్లు అద్దెవారిది. పెద్దమ్మగారి యజమాని మొదట "కావాలంటే మీరే వేసుకోండి" అన్నారు. రెండోసారి వెళ్ళి, స్లాబుకు పగుళ్ళు తగ్గుతాయని చెబితే బస్తా సున్నం తెప్పించారు. మన యువకులు నలుగురు శనివారం తెల్లవారుజామున బ్రష్షులతో ఎక్కారు. ఆలస్యమే అయింది, ఫిబ్రవరిలో చేయవలసిన పని. మే నెల బిల్లు ఇంకా రాలేదు. కూలరు మాత్రం ఇప్పుడు రాత్రి రెండింటికి ఆపుతున్నారట.